మన పేరు మనమే పెట్టుకోవాలి – భాగ్యరెడ్డి వర్మ జీవితం

 

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్న సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. మరి అంతకు 43 ఏళ్ల ముందే, 1913లో, మన హైదరాబాద్‌లో ఒక దళిత యువకుడు వైశాఖ పున్నమికి బుద్ధ జయంతి జరిపాడని మీలో ఎంతమందికి తెలుసు? ఆ యువకుడే భాగ్యరెడ్డి వర్మ.

1888 మే 22న పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు మాదరి భాగయ్య. 1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, జగన్ మిత్ర మండలి పెట్టారు. చదువు రానివాళ్లకు కరపత్రం ఇస్తే ఏం లాభం? అందుకే వాడల్లో హరికథలు చెప్పించి జనాన్ని పోగుచేశారు. తాగుడు మానమన్నారు, బాల్యవివాహాలు వద్దన్నారు, మన ఆడబిడ్డల్ని జోగినులుగా మార్చే దురాచారం మీద పోరాడారు.

తర్వాత బడులు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మొదలుపెట్టారు. సర్కారు భాష ఉర్దూ అయిన రోజుల్లో మన పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. చివరికి ఆ బడులు 26 అయ్యాయి.

1911లో మండలికి మాన్య సంఘం అని పేరు మార్చారు. మాన్యులంటే గౌరవించదగ్గవాళ్లు. ఊరంతా అంటరానివాళ్లంటుంటే, కాదు, మేం మాన్యులం అన్నారన్నమాట! 1917లో విజయవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించినప్పుడూ అదే పట్టు. పంచములనే మాటను ఒప్పుకోలేదు. ఈ నేల తొలి బిడ్డలం, ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరే మారిపోయింది.

నిజాం రాజ్యంలో ఆది హిందువులన్నారు. ఆ మాట వినగానే మీకు చివుక్కుమనవచ్చు. కానీ ఆయన దృష్టిలో అది మతం పేరు కాదు, మూలవాసుల పేరు. 1931 జనగణనలో ఆ పేరుతోనే మనవాళ్లను విడిగా లెక్కించేలా చేశారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. నాగపూర్ దీక్షను చూడలేకపోయారు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఇంట్లో బుద్ధ వందన చేస్తాం. బడి ఫారంలో మతం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. మా అమ్మాయిని బడిలో వేసినప్పుడు, రిజర్వేషన్ పోతుందేమోనని భయపడి నేనూ హిందూ అనే రాశాను. 1990లోనే చట్టం సవరించి బౌద్ధులైన ఎస్సీలకూ ఆ హక్కు ఇచ్చారని నాకప్పుడు తెలియదు. తెలిశాక సిగ్గుపడ్డాను.

ఆయనకు ఏ చట్టం అండా లేదు. అయినా ఎదుటివాళ్లు పెట్టిన పేరును తిరగ్గొట్టారు. మనకు చట్టం ఉంది, బాబాసాహెబ్ ఇచ్చిన ధమ్మం ఉంది. ఈసారి మతం గడి ముందు పెన్ను ఆగితే భాగ్యరెడ్డి వర్మను తలుచుకోండి. బౌద్ధం అని రాయండి.

జై భీమ్!