పడ్డవాడి కథ: సోనీ లిస్టన్

ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. రింగ్‌లో వెల్లకిలా పడి ఉన్న ఒక నల్లజాతి బాక్సర్, అతని మీదికి వంగినట్టు నిలబడి చెయ్యి మడిచి అరుస్తున్న ముహమ్మద్ అలీ. నిలబడ్డవాడి కథ మనకు తెలుసు. పడ్డవాడి పేరు సోనీ లిస్టన్. 1965 మే 25న మొదటి రౌండ్‌లోనే అతను కావాలని పడిపోయాడని అరవై ఏళ్లుగా లోకం అంటోంది. ఆ తీర్పు ఆటను చూసి ఇచ్చిందా, మనిషిని చూసి ఇచ్చిందా?

లిస్టన్ అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో, పంటలో వాటాకు పరాయి భూమి దున్నే కుటుంబంలో పుట్టాడు. తండ్రికి ఇరవై మందికి పైగా పిల్లలు. ఇతను పుట్టిన రోజును ఎవరూ రాసిపెట్టలేదు. 1932 అని అతను చెప్పుకునేవాడు, అంతకన్నా పెద్దవాడని జనం అనుకునేవారు. బడికి వెళ్లాల్సిన వయసు పత్తి చేలో గడిచిపోయింది. తండ్రి కొట్టిన దెబ్బల మచ్చలు పెద్దయ్యాకా ఒంటిమీద మిగిలాయి. తల్లి పని కోసం సెయింట్ లూయిస్ నగరానికి పోతే, ఆమెను వెతుక్కుంటూ తానూ వెళ్లాడు. చదువు రాదు, పని దొరకలేదు. దోపిడీలకు దిగి 1950లో జైలు పాలయ్యాడు.

జైల్లో ఒక క్రైస్తవ ఫాదర్ అతని చేతులకు గ్లోవ్స్ తొడిగించాడు. 1952లో పెరోల్ మీద బయటికొచ్చి, మరుసటి ఏడే ప్రొఫెషనల్ బాక్సర్ అయ్యాడు. కానీ ఆ రోజుల్లో అమెరికా బాక్సింగ్ ఫ్రాంకీ కార్బో, బ్లింకీ పాలెర్మో లాంటి మాఫియా మనుషుల గుప్పిట్లో ఉండేది. టైటిల్ దాకా వెళ్లే దారి వాళ్ల గుమ్మం ముందునుంచే పోయేది. లిస్టన్ కూడా ఆ గుమ్మం తొక్కాడు. 1956లో ఒక పోలీసును కొట్టి మళ్లీ జైలుకెళ్లాడు. అతను చేసిన తప్పులను దాచాల్సిన అవసరం లేదు. అయితే ఆటను శాసించి, లాభం తిన్నవాళ్ల కన్నా ఎక్కువ అసహ్యం మోసింది మాత్రం రింగ్‌లో దెబ్బలు తిన్న ఇతనే.

అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్లాయిడ్ పాటర్సన్ కూడా నల్లజాతి వాడే. అతను మృదుభాషి, మర్యాదస్తుడు, పౌరహక్కుల ఉద్యమానికి అండ. వైట్‌హౌస్‌కు వచ్చిన పాటర్సన్‌తో అధ్యక్షుడు కెనడీ, లిస్టన్‌ను ఓడించి తీరాలన్నాడు. జాతికి చెడ్డపేరు వస్తుందని పౌరహక్కుల నాయకుల్లోనూ కొందరు లిస్టన్ గెలవకూడదనుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రం అతనికి లైసెన్సే ఇవ్వలేదు. మంచివాడినని రుజువు చేసుకుంటేనే హక్కులు దక్కుతాయన్న ఈ లెక్క మనకు కొత్తది కాదు.

1962 సెప్టెంబర్ 25న చికాగోలో లిస్టన్ 2 నిమిషాల 6 సెకన్లలో పాటర్సన్‌ను పడగొట్టాడు. తానుంటున్న ఫిలడెల్ఫియాకు తిరిగొస్తూ, స్వాగతం పలికే జనానికి ఏం చెప్పాలో విమానంలో కూడబలుక్కున్నాడు. దిగి చూస్తే విలేకరులు తప్ప జనం లేరు. 1963లో పాటర్సన్‌ను మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఓడించాడు. 1964 ఫిబ్రవరిలో, అప్పటికి కాసియస్ క్లే అనే పేరున్న అలీతో ఆడి, భుజం గాయంతో ఆరో రౌండ్ తర్వాత స్టూల్ మీదనుంచి లేవలేదు. గాయం నిజమేనని వైద్యులు చెప్పినా చాలామంది నమ్మలేదు.

రెండో పోటీ బోస్టన్‌లో జరగాల్సింది. అలీకి హెర్నియా ఆపరేషన్ జరిగి వాయిదా పడింది. చివరికి మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న ఊరికి చేరింది. టికెట్ కొని వచ్చినవాళ్లు 2,434 మందే. మాల్కం ఎక్స్ హత్య జరిగి మూడు నెలలే అయింది, కాల్పులు జరుగుతాయేమోనన్న భయం హాలంతా ఉంది.

ఫిల్మ్‌ను నెమ్మదిగా తిప్పి చూస్తే ఆ దెబ్బ కనిపిస్తుంది. లిస్టన్ ఎడమ చేత్తో జాబ్ విసురుతూ ముందుకు వచ్చాడు. అలీ వెనక్కి తగ్గి, ఆ చేతి మీదుగా కుడిచేత్తో చిన్న గుద్దు గుద్దాడు. లిస్టన్ తల తిరిగింది, బరువు మోస్తున్న ఎడమ కాలు నేలనుంచి లేచింది. దెబ్బ పొట్టిది, వేగమైనది. కాబట్టే హాల్లో చాలామందికి కనబడలేదు. వాళ్లు చూడనిదాన్ని జరగలేదన్నారు.

తర్వాత జరిగిన గందరగోళానికి కారణం లిస్టన్ కాదు. ప్రత్యర్థి పడితే, నిలబడ్డవాడు దూరంగా ఉన్న మూలకు వెళ్లాలి. అప్పుడే రిఫరీ అంకెలు మొదలుపెట్టాలి. అలీ వెళ్లలేదు. ఆ ప్రసిద్ధ ఫొటోలో మనం చూస్తున్నది సరిగ్గా ఆ ఉల్లంఘననే. రిఫరీ జెర్సీ జో వాల్కాట్ అలీని తోయడంలో పడి అంకెలు లెక్కపెట్టలేదు. లిస్టన్ లేచాడు, పోటీ మళ్లీ మొదలైంది కూడా. పది దాటిపోయిందని రింగ్ పక్కనుంచి ఒక పత్రికా సంపాదకుడు కేక వేస్తే వాల్కాట్ ఆపేశాడు. పట్టిన సమయం ఒక నిమిషమని ప్రకటించారు. ఫిల్మ్ ప్రకారం అది రెండు నిమిషాలు దాటింది. లెక్క తప్పినవాళ్లకు పడని మచ్చ పడ్డవాడి మీద పడింది.

ఇంకాస్త ముందే లేవగలిగేవాడా? అతని మనసులో ఏముందో ఫిల్మ్ చెప్పలేదు. కుమ్మక్కు జరిగిందని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. పాటర్సన్ రెండుసార్లు మొదటి రౌండ్‌లోనే పడ్డాడు, అతన్ని ఓడినవాడు అన్నారు. లిస్టన్ ఒకసారి పడితే అమ్ముడుపోయాడన్నారు.

ఆ తర్వాత ఆడిన 16 పోటీల్లో లిస్టన్ 15 గెలిచాడు. టైటిల్ కోసం మళ్లీ పిలుపు రాలేదు. 1971 జనవరి 5న లాస్ వెగాస్ ఇంట్లో భార్య జెరాల్డిన్‌కు అతని శవం కనిపించింది. చనిపోయి అప్పటికి రోజులు గడిచాయి. పుట్టిన రోజులాగే పోయిన రోజూ సరిగ్గా తెలియదు. సమాధి ఫలకం మీద ఛాంపియన్ అని లేదు. పేరు, సంవత్సరాలు, వాటి కింద మనిషి అని మాత్రమే ఉంది. బతికున్నన్నాళ్లూ లోకం అతనికి ఇవ్వనిది ఆ మాటే.