దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909 జూలై 15 - 1981 మే 9) స్వాతంత్ర్య సమరయోధురాలు, న్యాయవాది, సంఘ సంస్కర్త. భారత రాజ్యాంగ సభలో సభ్యత్వం పొందిన 15 మంది మహిళలలో ఈమె ఒకరు.

బాల్యం, విద్య

దుర్గాబాయి రాజమండ్రిలో జన్మించింది. 8 ఏళ్ళ వయసులో బాల్యవివాహం జరిగింది. యుక్తవయసు వచ్చిన తరువాత ఆ బంధం నుండి వైదొలగింది. చిన్ననాడే హిందీ నేర్చుకొని, బాలికల కోసం రాజమండ్రిలో హిందీ పాఠశాల నడిపింది. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సమయంలో స్వచ్ఛంద సేవికగా పనిచేస్తూ, టిక్కెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను ప్రదర్శనశాల ద్వారం వద్ద ఆపివేసింది. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళింది. విడుదలైన పిదప చదువు కొనసాగించి, 1942 నాటికి న్యాయశాస్త్ర పట్టా పొంది మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టింది. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది.

రాజ్యాంగ సభలో

1946లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఈమె. హిందూ స్త్రీలకు ఆస్తిహక్కు కల్పించాలని వాదించింది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుండి 30 ఏళ్ళకు తగ్గించాలని 1949లో ఈమె ప్రతిపాదించిన సవరణను సభ ఆమోదించింది.

స్త్రీలకు చట్టసభలలో ప్రత్యేక స్థానాలు ఉండాలా అన్న ప్రశ్న ఆనాడే తలెత్తింది. సమాన హక్కులుంటే ప్రతిభ గల స్త్రీలు పోటీలో నెగ్గగలరని భావించిన రేణుకా రే వంటి సభ్యురాళ్ళు రిజర్వేషన్‌ను వ్యతిరేకించారు. రాజ్యాంగంలో దానికి చోటు దక్కలేదు. అయితే తొలి సార్వత్రిక ఎన్నికలలో, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న దుర్గాబాయే రాజమండ్రి నుండి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయింది.

తరువాతి జీవితం

ఓటమి తరువాత ప్రణాళికా సంఘ సభ్యురాలైంది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. అదే ఏడాది ఆర్థికమంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను వివాహమాడింది. 1958లో నియమితమైన జాతీయ మహిళా విద్యా కమిటీకి అధ్యక్షత వహించింది. భారత ప్రభుత్వం 1975లో పద్మవిభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1981లో శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో మరణించింది.

ప్రాముఖ్యత

నాడు రాజ్యాంగ సభ అక్కర లేదనుకున్న రిజర్వేషన్‌ను పార్లమెంటు 2023లో 106వ రాజ్యాంగ సవరణ ద్వారా అంగీకరించింది. లోక్‌సభ, శాసనసభలలో మూడో వంతు స్థానాలను మహిళలకు కేటాయించడం దీని లక్ష్యం. 2024 లోక్‌సభ ఎన్నికలలో 543 స్థానాలకు గాను 74 మంది మహిళలే గెలుపొందారు. చట్టం ముందు సమానత్వం సాధించిన తరువాత కూడా సభలో చోటు దక్కడం ఎంత కష్టమో దుర్గాబాయి 1952 నాటి ఓటమి చాటి చెబుతుంది.