మీసా ఖైదీ స్నేహలతా రెడ్డి

1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఎమర్జెన్సీ అమల్లో ఉన్నంతకాలం, నిర్బంధం అక్రమమైనా సరే, హెబియస్ కార్పస్ కోసం కోర్టు మెట్లెక్కే హక్కు పౌరులకు లేదని ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు తేల్చారు. జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు వచ్చిన నాలుగు రోజులకు, మే 2న, పోలీసులు స్నేహలతా రెడ్డిని అరెస్టు చేశారు.

స్నేహలత 1932లో తెలుగు నేల మీద ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. నాటకం ఆమె ప్రాణం. మద్రాస్ ప్లేయర్స్ బృందాన్ని నెలకొల్పిన వారిలో ఆమె ఒకరు. భర్త మన నెల్లూరు కవి, ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన పఠాభి. ఇద్దరూ లోహియా సోషలిస్టులు. ఇది కలవారి కుటుంబమే. ఆ సంగతి దాచి ఆమె కథ చెప్పడం సరికాదు.

1970లో పఠాభి ‘సంస్కార’ కన్నడ సినిమా తీశారు. యు.ఆర్.అనంతమూర్తి నవల దానికి ఆధారం. కులాచారాలను ధిక్కరించిన బ్రాహ్మణుడు నారణప్ప చనిపోతాడు. శవానికి ఎవరు కర్మ చేయాలో తేలక అగ్రహారం వాదులాడుకుంటూ కూర్చుంటుంది. చివరికి ఆయనతో కలిసి బతికిన నిమ్నకుల స్త్రీ చంద్రి, ఒక ముస్లిం మిత్రుడి సాయంతో దహనం చేయిస్తుంది. ఆ చంద్రి పాత్ర పోషించింది స్నేహలతే. సెన్సార్ బోర్డు మొదట ఆ సినిమాను ఆపేసింది. తర్వాత అదే సినిమాకు జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు దక్కింది.

1975 జూన్ 25 రాత్రి రాజ్యాంగం 352వ అధికరణ కింద, అంతర్గత కల్లోలం పేరుతో ఎమర్జెన్సీ వచ్చింది. రెండు రోజులకే 359వ అధికరణ కింద రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. 14, 21, 22 అధికరణల హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. అంబేద్కర్ రాజ్యాంగానికి ఆత్మగా, గుండెగా భావించినది 32వ అధికరణను. ప్రాథమిక హక్కు కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లనిచ్చేది అదే. ఆ తలుపుకే తాళం పడింది. విచారణ లేకుండా మీసా కింద జైల్లో పెట్టింది సుమారు 35 వేల మందినని షా కమిషన్ తర్వాత లెక్క తేల్చింది.

అజ్ఞాతంలో ఉన్న జార్జ్ ఫెర్నాండెజ్‌కు స్నేహలత స్నేహితురాలు. బరోడా డైనమైట్ కేసు పేరుతో ఆమెను పట్టుకున్నారు. ఆ కేసు ఛార్జిషీటులో మాత్రం ఆమె పేరు లేదు. అయినా వదల్లేదు. మీసా ఉంటే నేరం రుజువు చేయాల్సిన పని లేదు. బెంగళూరు సెంట్రల్ జైల్లో ఎనిమిది నెలలకు పైగా ఉంచారు.

ఆమెకు దీర్ఘకాలిక ఉబ్బసం. జైల్లో సరైన వైద్యం అందలేదు. ఊపిరాడని స్థితిలోనే తోటి మహిళా ఖైదీలను కొట్టడాన్ని ఎదిరించారు. వారి తిండి బాగుపడాలని నిరాహారదీక్ష చేశారు. వారికి పాటలు నేర్పారు. డైరీ రాశారు. ఆరోగ్యం పూర్తిగా చెడిపోయాక 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 18న ప్రభుత్వం ఎన్నికలు ప్రకటించింది. 20న ఆమె చనిపోయారు. ఆమె జైలు డైరీ అదే ఏడాది పుస్తకంగా వచ్చింది.

1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ వల్ల ఇప్పుడు ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణల రక్షణను నిలిపివేయడం కుదరదు. అంతర్గత కల్లోలం అన్న మాట పోయి సాయుధ తిరుగుబాటు అన్న మాట వచ్చింది. 1976 నాటి తీర్పు తప్పని సుప్రీంకోర్టు 2017లో ఒప్పుకుంది. ఇవి చిన్న విజయాలు కావు. అయితే ముందస్తు నిర్బంధానికి చోటిచ్చే 22వ అధికరణ అలాగే ఉంది. ఉపా చట్టం కింద బెయిలు దొరకడం గగనం. ఆదివాసీల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి 84 ఏళ్ల వయసులో, 2021 జూలై 5న, బెయిలు రాకుండానే కస్టడీలో చనిపోయారు. అప్పుడు దేశంలో ఏ ఎమర్జెన్సీ లేదు.

పేరూ పలుకుబడీ ఉన్న స్నేహలతకే జైల్లో వైద్యం దక్కలేదు. ఆమె పక్క గదుల్లో ఉన్న స్త్రీల మాటేమిటి? వారి కులాలేమిటి, వారిని ఏ కేసుల్లో తెచ్చారు, ఎంతమంది ఇల్లు చేరారు? వారి కోసం డైరీ అచ్చువేసిన వారు లేరు. ఎమర్జెన్సీ చరిత్రను నాయకుల జైలు జ్ఞాపకాల నుంచే రాసుకుంటూ వచ్చాం. విద్యార్థి మిత్రులారా, స్నేహలత డైరీ చదవండి. తర్వాత మీ జిల్లా జైల్లో ఈ రోజు విచారణ ఖైదీలుగా ఉన్నవారెవరో, వారికి వకీలు ఉన్నాడో లేదో కనుక్కోండి. మన పరిశోధన అక్కడ మొదలవ్వాలి.