పిడికెడు బియ్యంలో ప్రేమను చూపిన డోర్నకల్ బిషప్ అజరయ్య

డోర్నకల్ అనగానే రైల్వే జంక్షను తర్వాత జనానికి గుర్తుకు వచ్చేది అక్కడి పెద్ద చర్చి. ఆ చర్చిని కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగువారు కారు, తెల్లదొర అంతకన్నా కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో పుట్టిన తమిళుడు. అయినా తన జీవితంలో 35 ఏళ్లకు పైగా ఈ ప్రాంతపు పల్లెలకే ధారపోశారు. దేవుణ్ణి ప్రేమించడమంటే ఏమిటో, ఎందుకు ప్రేమించాలో కూలినాలి చేసుకునే వారికి నేర్పిన మనిషిగా పేరు పొందారు.

అజరయ్య తండ్రి పల్లెటూరి పాదిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన అజరయ్య తర్వాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1902లో సింహళ ద్వీపంలోని యాళ్పాణం వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తెల్లవారి సొమ్ము కోసం ఎదురు చూడకుండా తమ ఖర్చుతోనే సువార్త పని చేయడం చూశారు. ఆ మరుసటి ఏడే తిరునెల్వేలిలో భారతీయుల సొంత మిషనరీ సంఘం ఏర్పడింది. ఆ సంఘం ఎంచుకున్న చోటే నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో పాదిరిగా అభిషేకం పొంది అజరయ్య అక్కడికి వచ్చారు. మొదట్లో గుడారంలో కాపురం ఉన్నారు. తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అక్కడ తెల్లవారి ఎదుటనే ఆయన నిష్ఠూరంగా మాట్లాడారు. మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారు భారతీయులను సాటివారుగా స్నేహంతో చూడడం లేదని చెప్పారు. పైనుంచి చేసే దానం వేరు, పక్కన కూర్చుని పంచుకునే ప్రేమ వేరు అన్నది ఆయన మాటల సారం. మూడేళ్లు తిరగకముందే, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఆయన మండలంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల వ్యవసాయ కూలీలు. దొర పిలిస్తే వెట్టికి పోవాలి, పటేలు కేకేస్తే చేతులు కట్టుకుని నిలబడాలి. పైవాడంటే భయపడడమే వారికి తెలిసిన మర్యాద. అలాంటి వారికి దేవుణ్ణి ప్రేమించమని చెబితే కొత్తగానే ఉంటుంది. ఆజ్ఞలన్నిటిలో మొదటిది దేవుణ్ణి నిండు మనసుతో ప్రేమించడమనీ, రెండవది పొరుగువాణ్ణి తనలాగే ప్రేమించడమనీ ఏసుక్రీస్తు బోధించినట్లు క్రైస్తవుల విశ్వాసం. అయితే ఇది దొర హుకుం లాంటిది కాదు. దేవుడే ముందుగా మనిషిని ప్రేమించి, తన కుమారుణ్ణి సిలువకు అప్పగించాడనీ, మనిషి ప్రేమ దానికి బదులు మాత్రమేననీ క్రైస్తవం చెబుతుంది. శిక్ష తప్పించుకోవడానికో, కూలి గిట్టుబాటు కావడానికో చూపేది ప్రేమ కాదు.

ఈ మాటను అజరయ్య పుస్తకాలతో కాక పొయ్యి దగ్గర నేర్పారు. ఇల్లాలు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుని పేర వేరే కుండలో వేయాలి. అలా పోగైన బియ్యాన్ని చర్చికి తెచ్చి అర్పించాలి. పేదల దగ్గర ఏముందని ఇమ్మంటారని అడిగేవారు ఉండవచ్చు. కాని ఎప్పుడూ పుచ్చుకునేవాడుగానే ఉన్న మనిషి ఇచ్చేవాడు కావడంలోనే అతని గౌరవం ఉందని బిషప్ నమ్మారు.

1930లలో ఈ విషయమై దేశంలో పెద్ద వాదమే నడిచింది. పేదలు లాభానికి ఆశపడి మతం మారుతున్నారన్న విమర్శ వచ్చింది. అంటరానివారి మతమార్పిడులను గాంధీజీ తప్పుపట్టారు. అజరయ్య ఆయనతో ఏకీభవించలేదు. పేదవాడికీ ఆత్మ ఉందనీ, తనకు నచ్చిన దేవుణ్ణి ఎంచుకునే హక్కు ఉందనీ ఆయన పట్టు. అలాగని సంఘంలోని లోపాలను ఆయన దాచలేదు. బాప్తిస్మం పొందాక కూడా కుల భేదాలు పాటించేవారిని ఒప్పుకునేవారు కారు. పొరుగువాణ్ణి దూరం పెట్టి దేవుణ్ణి ప్రేమిస్తున్నాననడం కుదరదన్నది ఆయన బోధ.

డోర్నకల్ చర్చి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు, సిలువ ఒకేచోట కనిపించే కట్టడం అది. క్రీస్తును ప్రేమించడానికి తెలుగువాడు తెల్లవాడిలా మారనక్కరలేదని ఆ రాళ్లే చెబుతాయి. సంఘాలన్నీ ఏకం కావాలని కూడా అజరయ్య ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కోరుకున్న దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. అది చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. వెట్టి బతుకుల్లో భయం తప్ప మరొకటి ఎరుగని వారి చేత ఇష్టపూర్వకంగా పిడికెడు బియ్యం ఇప్పించడమే ఆయన సాధించిన ఘనత.