మోకీలు తెరిచి కుట్టేసిన ఆనండేల్

కబడ్డీలో మోకాలు మెలిపడిన కుర్రాళ్లు సిద్దిపేటలో మా ఓపీకి తరచూ వస్తుంటారు. మోకీలులో మెత్తలా ఉండే మినిస్కస్ చిరిగిందని చెబితే, తీసేస్తారా, కుట్టేస్తారా అని అడుగుతారు. ఆ కుట్టడం వెనక ఒక సర్జన్ కథ ఉంది.

థామస్ ఆనండేల్ 1838లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, అక్కడి పేరుమోసిన సర్జన్ జేమ్స్ సైమ్ దగ్గర పని నేర్చుకున్నాడు. (నిజాం కాలంలో హైదరాబాద్‌లో క్లోరోఫారం పరీక్షలు చేయించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ కూడా సైమ్ శిష్యుడే!) 1877లో జోసెఫ్ లిస్టర్ లండన్ వెళ్లిపోవడంతో ఆ ఆచార్య పదవి ఆనండేల్‌కు దక్కింది.

1883 నవంబరు 16న ఆయన బల్ల మీద పడుకున్నవాడు ముప్పయ్యేళ్ల గని కార్మికుడు. మోకీలు లోపలివైపు మినిస్కస్ ముందు కొస ఊడి వెనక్కి జారింది. వంగి, గొంతుక్కూర్చుని బొగ్గు తవ్వేవాడికి మోకాలు పోతే కూడు పోయినట్టే. అప్పటికి ఎక్స్‌రే లేదు, యాంటీబయాటిక్ లేదు. కీలు తెరిస్తే చీముపట్టి కాలే పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అయినా తెరిచాడు. జారినదాన్ని ముందుకు లాగి, క్యాట్‌గట్ దారంతో కుట్టాడు. ఆ కార్మికుడు మళ్లీ గనిలోకి దిగాడు.

కుట్టు చిరుగును దగ్గరకు చేరుస్తుందంతే, అతికించేది రక్తం. మినిస్కస్ బయటి అంచుకు, కొసలకే రక్తనాళాలుంటాయి. ఆ కార్మికుడికి ఊడింది అలాంటి చోటే.

ఆనండేల్ 1907 డిసెంబరు 20న హఠాత్తుగా చనిపోయాడు. ముందురోజు కూడా ఆపరేషన్లు చేశాడు. ఆయన దారిని మాత్రం చాలామంది పట్టించుకోలేదు. చిరిగిన మినిస్కస్‌ను పనికిరాని ముక్కలా దశాబ్దాలపాటు కోసి తీసేశారు. అలా తీసేసిన మోకాళ్లలో వచ్చే మార్పులను 1948లో ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రేలలో చూపించాక గానీ ఆలోచన మారడం మొదలవలేదు.

రక్తం అందని లోపలి భాగం చిరిగితే? పీఆర్‌పీ ఆలోచన అక్కడిదే. రోగి రక్తాన్నే యంత్రంలో గిరగిర తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను వేరుచేసి కుట్టు దగ్గర పెడతారు. వాటి నుంచి వచ్చే గ్రోత్ ఫ్యాక్టర్లు మానడానికి తోడ్పడతాయని ఆశ. కొన్ని అధ్యయనాల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో తేడాయే లేదు. అందుకే వేలు ఖర్చుపెట్టే ముందు, చిరిగింది ఏ భాగమో సర్జన్‌ను అడగమని చెబుతాను. పీఆర్‌పీ వేసినా వేయకపోయినా, కుట్టిన మోకాలితో కొన్ని నెలలు గొంతుక్కూర్చోకూడదు. ఇంట్లో వెస్టర్న్ టాయిలెట్ ఏర్పాటు ఆపరేషన్‌కు ముందే చూసుకోండి.