మామిడి కొమ్మ మీద రాక్స్‌బర్గ్

పెద్ద అంబర్‌పేట్‌లో మా బాల్కనీలో పెట్టిన నర్సరీ ఆర్కిడ్ రెండో నెలకే వేళ్లు కుళ్లి పోయింది. కుండీ మట్టిలో పాతి రోజూ నీళ్లు పోశాను మరి! ఎక్కడ తప్పు చేశానా అని చదువుతుంటే విలియం రాక్స్‌బర్గ్ తగిలాడు.

1751లో స్కాట్లాండ్‌లో పుట్టి, 1776లో మద్రాసు వచ్చిన కంపెనీ డాక్టరు. 1781 నుంచి మన సామర్లకోటలో మకాం. మొక్కలు పోగేసేవాడు, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించేవాడు, తెలుగు పేర్లు రాసుకునేవాడు. (పుస్తకం పైన పేరు మాత్రం ఆయనదొక్కడిదే. అది నాకు నచ్చలేదు.) 1787లో తుఫాను, ఉప్పెన. పుస్తకాలు, సేకరణ అన్నీ కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాడు.

1793లో కలకత్తా తోటకి వెళ్లాడు. 1795లో లండన్‌లో కోరమండల్ మొక్కల పుస్తకం అచ్చు మొదలైంది. మన మామిడి చెట్లెక్కి బతికే బదనిక, అదే వాండా, అందులో ఉంది. పూరేకుల మీది గళ్లు చూసి ‘టెసలేటా’ అన్నాడు. 1815లో ఎడిన్‌బరోలో పోయాడు. 300 బొమ్మలతో పుస్తకం పూర్తయ్యేసరికి 1820.

మొన్న గాలివానకి అమ్మమ్మ వాళ్ల తోటలో కొమ్మతో సహా విరిగిపడిన వాండాని తెచ్చి, చెక్కకి కొబ్బరి పీచుతో కట్టాను. ఈసారి మట్టి లేదు. పువ్వు ఇంకా రాలేదుగానీ, ఒక కొత్త వేరు చెక్కని పట్టుకుంది.