పుస్తకాలకు అట్టలు వేసిన అబ్బాయి



పోయిన నెల మా పదో తరగతి పిల్లలతో ఒక చిన్న ప్రయోగం చేశాం. గ్లాసు నీళ్లలో కొంచెం వంట సోడా కలిపి, రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు అందులో ముంచి, పై మొనలను 9 వోల్టుల బ్యాటరీకి కలిపాం. నీళ్లలో ఉన్న మొనల దగ్గర బుడగలు మొదలయ్యాయి. నెగెటివ్ వైపు హైడ్రోజన్, పాజిటివ్ వైపు ఆక్సిజన్. ఈ బుడగల్ని కొలిస్తే ఏమొస్తుంది టీచర్ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు జవాబే మైకేల్ ఫారడే జీవితం.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న ఇంగ్లండ్‌లో, లండన్ దగ్గర పుట్టారు. తండ్రి కమ్మరి. ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం. కరువు రోజుల్లో ఆ పిల్లాడికి ఇచ్చిన ఒక్క రొట్టె వారమంతా సరిపెట్టుకోవాల్సి వచ్చేది. బడిలో నేర్చింది చదవడం, రాయడం, కాస్త లెక్కలు, అంతే. 14 ఏళ్లకు పుస్తకాల బైండింగ్ షాపులో పనికి కుదిరారు. అక్కడ ఏడేళ్లు పుస్తకాలు కుడుతూ, అట్టలు వేస్తూ, వాటినే చదువుకున్నారు. జేబులో ఉన్న కొద్దిపాటి డబ్బుతో చిన్న చిన్న ప్రయోగాలు చేసేవారు.

1812లో షాపుకు వచ్చే ఒకాయన, ప్రసిద్ధ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చారు. ఫారడే విన్నదంతా శ్రద్ధగా రాసుకుని, తానే బైండు చేసి డేవీకి పంపారు. అప్పటికి ఉద్యోగం ఖాళీ లేదు. మరుసటి సంవత్సరం మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరారు. తర్వాత డేవీ దంపతులతో యూరప్ వెళ్లినప్పుడు నౌకరు పనులు కూడా చేయాల్సి వచ్చింది. డేవీ భార్య చిన్నచూపుకు నొచ్చుకుని, అన్నీ వదిలి ఇంటికి తిరిగి వెళ్లిపోదామా అనుకున్నారు. కానీ వదల్లేదు.

నీటిని కరెంటుతో విడగొట్టవచ్చని 1800లోనే నికల్సన్, కార్లైల్ చూపించారు. ఫారడే 1830లలో ఆ వాయువును గీతలున్న గాజు గొట్టంలో పట్టి కొలిచారు. ఎంత విద్యుత్తు పంపితే అంత వాయువు. విద్యుత్తు రెట్టింపయితే వాయువూ రెట్టింపు. అంటే బుడగలతో విద్యుత్తునే కొలవవచ్చు! మన పిల్లల పుస్తకాల్లోని ఎలక్ట్రోడ్, ఆనోడ్, కాథోడ్, అయాన్ అనే మాటలను 1834లో వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. పండితుడు విలియం హ్యూవెల్ సలహాతో వాటిని ఎంచుకున్నారు.

ఇంత చేసిన ఫారడేకు పై స్థాయి గణితం రాదు. ఆయన ఆలోచనలను తర్వాత సమీకరణాల్లో పెట్టింది మాక్స్‌వెల్.

ఇది చదివినప్పుడు నాకు ఒక పీటీఎం గుర్తొచ్చింది. లెక్కల్లో వెనకబడ్డాడు కాబట్టి మీ బాబుకు సైన్స్ కష్టమని ఒక తల్లికి నేనే చెప్పాను. ఆ బాబు ల్యాబ్‌లో ఎలా ఉంటాడో అప్పటికి నేను చూడలేదు. ఈ మధ్య ఆమెకు ఫోన్ చేసి, తొందరపడ్డానని ఒప్పుకున్నాను.

ఫారడే సర్ బిరుదు వద్దన్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు కాదన్నారు. పిల్లలకు చెప్పే క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం 19 సంవత్సరాలు ఇచ్చారు. జ్ఞాపకశక్తి తగ్గిపోతున్నా, 69 ఏళ్ల వయసులో ఒక కొవ్వొత్తి వెలిగించి, దాని మంట నుంచి నీరు వస్తుందని చూపించారు. బ్యాటరీతో నీటిని విడగొట్టీ చూపించారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు.

ఈ ప్రయోగం మీ ఇంట్లోనూ చేయవచ్చు. మీరు పక్కనే ఉండండి. బ్యాటరీ మాత్రమే వాడండి, గోడ ప్లగ్ జోలికి వెళ్లనివ్వకండి. ఉప్పు కలపకండి, క్లోరిన్ వస్తుంది. బుడగలు ఏ వైపు ఎక్కువగా వస్తున్నాయో మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.